చిత్రిక గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో కోనసీమ పాత లోగిళ్ల మీద వేసిన వ్యాసం రెండుసార్లు చదివానండి. సింహద్వారాల ఫొటోలు బాగా తీశారు. స్తంభాల మీద పద్మాలు, గడప మీద లతలు, దూలం చివర చిలకలు, ఒక్కోటి దగ్గరగా చూపించారు. టేకు దుంగల్ని తెప్పలు కట్టి గోదావరి మీద దించేవారని రాశారు, అదీ నిజమే. అయితే అంత పెద్ద వ్యాసంలో ఉలి పేరు వచ్చింది, బాడిస పేరు వచ్చింది, చెక్కని పొరలుగా తీసి నునుపు చేసే పనిముట్టు చిత్రిక పేరు ఒక్కసారి కూడా రాలేదు. చెక్కిన బొమ్మ కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని గురించే అందరూ రాస్తారు. ఆ పద్మం పక్కన జానెడు వెడల్పున చదునుగా ఉన్న చెక్క, ఇన్నేళ్ల తర్వాత కూడా చెయ్యి పెడితే జారిపోయే ఆ నునుపు ఎవరు తెచ్చారు, దేనితో తెచ్చారు అని ఎవరూ అడగరు. అది అడగమని చెప్పడానికే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది. కుదించి వేసుకున్నా పర్లేదు గానీ పనిముట్టు గురించి రాసిన భాగం మాత్రం తీసెయ్యకండి.

నాది రాజోలు దగ్గర ఒక ఊరు. మా నాన్న వడ్రంగి. నేను ఆ పనిలోకి వెళ్లలేదు, ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివి, ముప్పై నాలుగేళ్లు ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. కానీ చిన్నప్పుడు సెలవులన్నీ నాన్న పని దగ్గరే గడిచాయి. ఆయన పెద్ద చిత్రిక నల్లతుమ్మ చేవతో, అంటే మాను లోపలి గట్టి చెక్కతో చేసుకున్నది, మూరెడు పొడవు. మధ్యలో ఏటవాలుగా తొలిచిన గుంట, అందులో ఇనప బ్లేడు, దాన్ని బిగించడానికి ఒక చెక్క చీల, ముందు వైపు అడ్డంగా ఒక కర్ర. ద్వారబంధం లాంటి పొడుగు చెక్క పట్టాలంటే నాన్న వెనక నుంచి నెట్టేవాడు, నేను ఎదురుగా కూర్చుని ఆ అడ్డకర్ర పట్టుకుని లాగేవాణ్ణి. పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి నా మోకాళ్ల మీద పడేది. సాయంత్రం అమ్మ దాన్ని గంపకెత్తి పొయ్యిలోకి తీసుకెళ్లేది.

చిత్రికకి ప్రాణం దాని మూతి. అంటే అడుగున బ్లేడు బయటికొచ్చే సన్నటి సందు. బ్లేడుకి ముందున్న అడుగు చెక్కని గట్టిగా నొక్కి పట్టుకోవాలి, అప్పుడే బ్లేడు పొరని కోస్తుంది. మూతి వెడల్పయితే నొక్కి పట్టేది ఉండదు, బ్లేడు కొయ్యడం మానేసి చెక్కని పెకలిస్తుంది, పేళ్లు లేచిపోతాయి. నార, అంటే చెక్కలో పోగులు సాగే తీరు, నిటారుగా ఉన్న టేకుకి ఫర్వాలేదు. నార మెలికలు తిరిగిన చెక్క, కొమ్మ మొలిచిన చోటు, పనస, నిద్రగన్నేరు, ఇలాంటివాటి దగ్గరే చిత్రిక సంగతి బయటపడుతుంది. చెక్క చిత్రికకి అడుగు అరుగుతుంది, అరిగేకొద్దీ మూతి తెరుచుకుంటుంది. రెండు మూడేళ్లకోసారి నాన్న మూతి ముందు చిన్న ముక్క తొలిచి గట్టి చేవ అతికించి మళ్లీ సన్నం చేసుకునేవాడు. ఆ అతుకు పెట్టిన రోజు ఇంట్లో ఎవరూ ఆయన్ని పలకరించేవాళ్లం కాదు, అంత ధ్యాస కావాలి దానికి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 2016లో మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లాండ్ వెళ్లి మూడు నెలలు ఉన్నాను. అక్కడ ఆదివారం పూట పాత సామాన్ల సంత పెడతారు, మన వారపు సంతలాగే కొందరు నేల మీద గుడ్డ పరిచి అమ్ముతారు. ఒక ముసలాయన దగ్గర చిత్రికలు వరసగా ఉన్నాయి. వాటిలో ఒకటి చూసి అక్కడే ఆగిపోయాను. బయట ఇనప డొల్ల, లోపలంతా నల్లటి ఎరుపులో మెరిసే చెక్క ఒక్క వెంట్రుక సందు లేకుండా నింపి ఉంది, పైన ఇత్తడి బిళ్ల, ఇత్తడి మర. ఎత్తితే రెండు కిలోలకి అటూ ఇటూ ఉంది. దాన్ని ఇన్‌ఫిల్ ప్లేన్ అంటారని మా అల్లుడు అడిగి చెప్పాడు. ఆ ముసలాయన నవ్వుతూ ఒక చెక్కముక్క కూడా ఇచ్చాడు, పట్టి చూడమని. నేను కావాలనే నారకి ఎదురు పట్టాను. పట్టుచీర మడత విప్పినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది, అంతే. పేడు లేవలేదు. నేను చెక్క పట్టుకున్న తీరు చూసి ఈయన పనివాడు అన్నాడట ఆయన, అది కూడా మా అల్లుడే చెప్పాడు. ధర నా శక్తికి మించి ఉంది, కొనలేదు. కానీ ఆ మధ్యాహ్నమంతా నా చేతుల్లో ఆ బరువు అలాగే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక దొరికినవన్నీ చదివాను. ఇనుము బయట, చెక్క లోపల అనే ఆలోచన చాలా పాతదండి. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన ఇటలీ ఊరు పాంపేయీలోనే ఇనప అడుగున్న చిత్రికలు దొరికాయి. తర్వాత వందల ఏళ్లు చెక్క చిత్రికలే రాజ్యమేలాయి. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో ఈ ఇనుము-చెక్క రకం మళ్లీ లేచింది. స్కాట్లండ్‌లో ఎయిర్ అనే ఊళ్లో స్టూవర్ట్ స్పియర్స్ 1840ల నుంచి చేశాడు, గ్లాస్గోలో మాథీసన్ వాళ్లు చేశారు, లండన్‌లో థామస్ నోరిస్, ఆయన కొడుకు చేశారు. నోరిస్ వాళ్లు 1913లో పేటెంట్ తీసుకున్న ఒక మర ఉంది, ఒక్క పుల్లతోనే బ్లేడు లోతూ సరిచెయ్యొచ్చు, పక్కకి వాలితే అదీ సరిచెయ్యొచ్చు. పియానోలు, ఖరీదైన బీరువాలు చేసేవాళ్లు ఇవి కొనేవాళ్లు. అమెరికాలో అదే 19వ శతాబ్దంలో లియొనార్డ్ బెయిలీ అనే ఆయన పూర్తిగా పోత ఇనుముతో, మర తిప్పితే బ్లేడు దిగే చిత్రిక కనిపెట్టాడు. 1869లో స్టాన్లీ కంపెనీ ఆయన వ్యాపారం కొనేసి వేలకి వేలు తయారు చేసింది. మన దగ్గర కూడా ఇనప చిత్రిక అంటే ఇప్పటికీ ఆ నమూనాయే. చేత్తో చేసేవి ధరలో దానితో పోటీ పడలేకపోయాయి, రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆ పని దాదాపు ఆగిపోయింది. మళ్లీ 20వ శతాబ్దం చివర్లో కార్ల్ హోల్టీ లాంటి ఒంటరి పనివాళ్లు ఒక్కొక్కటిగా చెయ్యడం మొదలుపెట్టారు. ఈయన కూడా స్కాట్లండ్‌లోనే ఉండి చేశాడు.

చదివాక నేనూ చేద్దామనుకున్నాను. ఫిట్టర్‌ని, ఆకురాయి పట్టడం వచ్చు. వడ్రంగి కొడుకుని, చెక్క తెలుసు. ఇక ఆలోచించేదేముంది అనిపించింది.

మీ పాఠకులకి ఇది ఎలా చేస్తారో చెప్పాలి, ఎందుకంటే దాని అందమంతా చెయ్యడంలోనే ఉంది. ఎనిమిది అంగుళాల చిత్రికకి పక్కలు రెండు, 4 మిల్లీమీటర్ల ఇనప ప్లేటు. అడుగు 6 మిల్లీమీటర్లు. ఈ మూడింటినీ వెల్డింగ్ చెయ్యరు. వెల్డింగ్ చేస్తే వేడికి వంకర తిరుగుతాయి, ఆ వంకర తియ్యడం ఇంకా కష్టం. వడ్రంగులు పెట్టె మూలలకి కోస్తారే, పావురం తోకలా విచ్చుకున్న పళ్లు, డవ్‌టెయిల్ అంటాం, అదే అతుకు ఇక్కడ ఇనుములో వేస్తారు. ఒక తేడా ఉంది. చెక్కలో డవ్‌టెయిల్ ఒక దిక్కున లాగితే ఊడదు, ఎలా తోశామో అలా వెనక్కి లాగితే ఊడుతుంది. ఇనప చిత్రికలో పళ్లకి రెండు దిక్కులా వాలు ఉంటుంది, ఎటు లాగినా ఊడదు. రెండు దిక్కులా వాలుంటే అసలు ఒకదాంట్లో ఒకటి ఎలా దూరుతాయని అడుగుతారు, నేనూ అక్కడే రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. కిటుకు ఏమిటంటే, పక్కల పళ్లు మామూలుగానే కోస్తాం. అడుగు పళ్లకి మాత్రం ఆకురాయితో అదనంగా ఒక వాలు తీసి, దూర్చినప్పుడు చిన్న చిన్న మూడుమూలల ఖాళీలు మిగిలేలా చూస్తాం, పళ్ల చివరలు ఒక మిల్లీమీటరు పైకి పొడుచుకొచ్చేలా కూడా ఉంచుతాం. లోపల గట్టి దిమ్మ బిగించి, పొడుచుకొచ్చిన ఆ ఇనుముని బాల్‌పీన్ సుత్తితో, అంటే ఒక వైపు గుండ్రటి తల ఉన్న సుత్తితో, చల్లగానే కొడతాం. చిన్న దెబ్బలు, వందల దెబ్బలు. ఇనుము మెల్లగా పాకి ఆ ఖాళీల్లోకి వెళ్లి నిండుతుంది. నిండాక మిగిలింది ఆకురాయితో చదును చేస్తే అతుకు గీత కూడా కనపడదు, గోరుతో గీసినా తగలదు. పక్కలు ఇత్తడివి పెడితే మాత్రం పసుపులో తెల్లగా ఆ పళ్లన్నీ కనిపిస్తాయి, అదో అందం.

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను కొట్టిన సుత్తి దెబ్బలు లెక్కలేనన్ని, కానీ ఇనుము కదలడం నా కళ్లారా చూసింది ఆ వారంలోనే.

బ్లేడు సంగతి చెప్తాను. నాన్న చిత్రిక బ్లేడు సన్నం, వీటికి మందం ఎక్కువ, నేను 5 మిల్లీమీటర్ల టూల్ స్టీలు తీసుకున్నాను. మా ఊరి పక్కన కొడవళ్లు చేసే కమ్మరి కొలిమి ఇంకా వెలుగుతోంది, అక్కడికి వెళ్లాం. ఎర్రగా కాల్చి, అయస్కాంతం పెడితే అంటుకోవడం మానేసే దాకా వేడెక్కించి, ఇంకాస్త ఉంచి నూనెలో ముంచాడు. అప్పుడది గాజులా పెళుసు. దాన్ని మళ్లీ మెల్లగా వేడి చేసి పెళుసు తియ్యాలి, రెండు వందల డిగ్రీలు దాటాక మెరుగు పెట్టిన ఇనుము మీద లేత గడ్డి రంగు వస్తుంది, ఆ రంగు దగ్గర ఆపేయాలి. మేం బాణలిలో ఇసక కాచి, దాని మీద పెట్టి చూశాం. కమ్మరి అన్న మాట ఇక్కడ రాయాలి: "ఏవండీ, కొడవలికి కూడా ఇదే రంగండి, మా అయ్య గడ్డి రంగనేవోడు కాదు, ఎండిన అరటాకు రంగనేవోడు." ఇంగ్లీషు వాళ్లు గడ్డితో పోల్చారు, మనవాడు అరటాకుతో పోల్చాడు, చూస్తే రంగు ఒక్కటే.

బ్లేడుని బిగించే ఇత్తడి బిళ్ల కోసం తణుకు వైపు అజ్జరం వెళ్లాను. ఇత్తడి సామాన్లకి పేరున్న ఊరు కదా. చెక్కతో నమూనా చేసి తీసుకెళ్తే పోత పోసి ఇచ్చారు. ఇది దేనికండీ అని అడిగారు, చిత్రికకి అన్నాను. చిత్రికకి ఇత్తడి ఎందుకండీ అని ఇంకో ఇద్దరు చుట్టూ చేరారు. చెప్తే అందరూ శ్రద్ధగా విన్నారు. వాళ్ల చేతిలో ఉన్న పనికి, వడ్రంగి చేతిలో ఉన్న పనికి ఇలాంటి చుట్టరికం ఒకటి ఉండొచ్చని అక్కడ ఎవరూ అనుకోలేదు.

మొదటి చిత్రిక పాడైంది. తప్పు చెక్కలో జరిగింది. ఒక టింబర్ డిపోలో బాగా ఆరిన రోజ్‌వుడ్ అని చెప్పి ఇచ్చారు, పైన చూస్తే ఆరినట్టే ఉంది, లోపల పచ్చి ఉంది. నేను కూడా తూకం వేసి చూసుకోవాల్సింది, తొందరపడ్డాను. కార్తీకంలో బిగించాను, రోహిణి కార్తె వచ్చేసరికి చెక్క కుదించుకుపోయి పక్కన కాగితం దూరేంత సందు వచ్చింది. బ్లేడుకి కింద ఆసరా పోయింది. నెడుతుంటే గుర్రుమని అదురుతుంది, చెక్క మీద మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. ఆరు నెలల పని. చాలా బాధపడ్డాను, నెల్లాళ్లు ఆ బల్ల దగ్గరికి వెళ్లలేదు. మన డెల్టాలో గాలే తడి గాలి, వానాకాలం తలుపులు బిగుసుకుపోవడం, ఎండాకాలం వదులవ్వడం ప్రతి ఇంట్లో చూస్తాం, మరి ఇనుము మధ్యలో బంధించిన చెక్క కదలకుండా ఉంటుందని ఎలా అనుకున్నానో.

రెండోదానికి మా మేనత్త గారింట్లో విరిగిపోయి అటక మీద పడున్న పందిరిమంచం కోడు తెచ్చుకున్నాను. ఇరుగుడు చేవ, అంటే అసలైన మన రోజ్‌వుడ్. ఎనభై ఏళ్లకి పైగా ఆ ఇంటి వానలూ ఎండలూ చూసిన చెక్క, ఇంకేం కదులుతుంది. కోస్తుంటే ఇల్లంతా వాసన. దాన్ని డొల్లలోకి సరిగ్గా దిగేలా చెయ్యడానికి మా ఫ్యాక్టరీలో అయితే ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు రాసేవాళ్లం, ఇంట్లో లేదు, మా ఆవిడ కాటుక భరిణె ఇచ్చింది. ఇనుముకి కాటుక రాసి, చెక్కని లోపలికి నొక్కి తీస్తే ఎక్కడ నల్లగా అంటుకుందో అక్కడ ఎత్తు ఉన్నట్టు. ఉలితో అంత మేర గీరాలి. మళ్లీ నొక్కాలి, మళ్లీ గీరాలి. బ్లేడు ఆనే ఏటవాలు మీద, నలభై ఏడున్నర డిగ్రీల వాలు అది, నోరిస్ వాళ్లు పెట్టిన వాలు అదే, మొత్తం ఒకే నలుపు అంటుకునేదాకా ఇలా ఎన్నిసార్లు చేశానో లెక్కపెట్టలేదు. బిగించే ముందు చెక్కకి అన్ని వైపులా, ముఖ్యంగా అడ్డకోత వైపు, స్పిరిట్‌లో కరిగించిన లక్క పట్టించాను. పాత చిత్రికలకి అక్కడివాళ్లు వేసిన పాలిష్ కూడా లక్కే, మన వడ్రంగులు తలుపులకి వేసిందీ అదే. చివర్లో అద్దం మీద గరుకు కాగితం అతికించి అడుగుని రుద్దాలి. రుద్దేటప్పుడు బ్లేడుని వెనక్కి తీసి, బిళ్ల మర మాత్రం పూర్తిగా బిగించే ఉంచాలి, ఎందుకంటే బిగింపుకి ఇనుము కూడా కొద్దిగా వంగుతుంది, పని చేసేటప్పుడు ఉండే వంపులోనే అది చదునవ్వాలి.

మూతి 0.2 మిల్లీమీటర్లకి వచ్చింది.

దాన్ని నాన్నకి చూపించాను. 2019లో, అప్పుడాయనకి ఎనభై నాలుగు. కళ్లద్దాలు పెట్టుకుని ముందు మూతి చూశాడు. ఇత్తడి చూడలేదు, మెరుగు చూడలేదు. వెలుతురుకి ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి, అడుగు వెంబడి చూశాడు. బ్లేడు మీద బొటనవేలు అడ్డంగా పెట్టి చూశాడు. ఆ తర్వాత పనస చెక్క ముక్క ఒకటి కాళ్లతో తొక్కిపట్టుకుని, నార ఎదురు తిరిగే చోట, నాలుగు పట్లు పట్టాడు. పొట్టుని వేళ్ల మధ్య నలిపి చూసి, "బరువెక్కువరా అబ్బాయ్, దూలానికి పనికిరాదు. తలుపు ఆఖరి పట్టుకి మాత్రం ఇదే కావాలి" అన్నాడు. పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాసింది కూడా సరిగ్గా ఇదే. ఇన్‌ఫిల్ చిత్రిక మొదటి పనికి కాదు, పెద్ద పెద్ద పొరలు తియ్యడానికి కాదు, చివర్లో నునుపు తేవడానికి. తర్వాత ఆ పొట్టుని మైక్రోమీటరుతో కొలిచాను, 0.03 మిల్లీమీటర్లు. నా తల వెంట్రుక అదే మైక్రోమీటరుతో కొలిస్తే 0.07.

ఇంత పని ఎందుకు, బజార్లో ఇనప చిత్రిక దొరకదా అని అడుగుతారు. దొరుకుతుంది. నిజం నిజంగా చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, మామూలు ఇనప చిత్రికకి బ్లేడు బాగా నూరి, బ్లేడు మీదుండే రెండో ఇనుముని అంచుకి దగ్గరగా జరిపి పెట్టుకుంటే అది కూడా ఎదురు నారని పేడు లేవకుండా తీస్తుంది. ఇన్‌ఫిల్‌లో బరువుంది, మందమైన బ్లేడుంది, దాని కింద పూర్తిగా ఆనే చెక్క ఉంది, అందుకని అదురు పుట్టదు, చేతికి తేడా తెలుస్తుంది. కానీ అద్భుతం ఏమీ కాదు. నాకు దాని మీద ప్రేమ వేరే కారణానికి. ముప్పై నాలుగేళ్లు ఎవరో గీసిన డ్రాయింగ్‌కి విడిభాగాలు చేశాను, ఎవరి యంత్రానికో బిగించాను, ఒక్క వస్తువు మొదటి నుంచి చివరి దాకా నా చేతిలో పుట్టలేదు. ఇందులో ప్రతి మిల్లీమీటరు నాకు తెలుసు. ఏదైనా పాడైతే ఎక్కడ పాడైందో తెలుసు, విప్పి బాగుచేసుకోగలను. మూతి అరగదు, అరిగినా నా మనవడి మనవడికి అరుగుతుందేమో.

ఇంకో మాట. మన పంచవృత్తులు కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి కదా. ఈ చిన్న పనిముట్టులో వాటిలో మూడు కలుస్తాయి. బ్లేడు కమ్మరిది, బిళ్ల కంచరిది, లోపలి చెక్క వడ్రంగిది. నేను ఆ చిత్రిక కోసం రాజోలు నుంచి తణుకు దాకా తిరిగానంతే, అంతకంటే దూరం పోవాల్సిన పని పడలేదు. 17వ శతాబ్దంలో నరసాపురం దగ్గర ఇంగ్లీషు వాళ్లు, డచ్చి వాళ్లు మన వడ్రంగుల చేత ఓడలు కట్టించుకున్నారు. కోరంగిలో ఓడలు కట్టారు, బాగుచేశారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టినప్పుడు అక్కడ ఎంతమంది కమ్మరులు, వడ్రంగులు పనిచేసి ఉంటారో. వాళ్ల చేతి పనిముట్లు ఇప్పుడు ఏవీ? అక్కడి కాటన్ మ్యూజియంలో ఆనాటి యంత్రాలు పెట్టారు, సంతోషం. పక్కన ఒక గాజు పెట్టెలో ఒక బాడిస, ఒక చిత్రిక, బెజ్జాలు వేసే బరమా ఒకటి పెడితే చూసే పిల్లలకి యంత్రం వెనక చెయ్యి కూడా ఉందని తెలుస్తుంది. ప్రతి ఊళ్లోనూ అటకల మీద ఇంకా ఉన్నాయి, అడిగితే ఇస్తారు.

ఎలక్ట్రిక్ ప్లేనర్‌ని నేను తిట్టను. మా నాన్న నడుం ఎలా వంగిపోయిందో చూసినవాణ్ణి, రోజుకి పది తలుపులు చెయ్యాల్సినవాడికి అది లేకుండా కుదరదు. ఆ మిషన్ చేసేసిన తర్వాత మిగిలే అలల గీతలకి గరుకు కాగితం రుద్దేస్తున్నారు, దుమ్ము పీలుస్తున్నారు, ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోవడం లేదు. ఆ ఆఖరి పట్టుకి ఒక మంచి చిత్రిక ఉంటే దుమ్ము ఉండదు, పొట్టు కిందపడుతుంది, చెక్క మెరుగు కూడా వేరేగా వస్తుంది. కుర్రాళ్లకి అది ఎవరూ నేర్పడం లేదు, ఎందుకంటే నూరడం ఎవరూ నేర్పడం లేదు.

అందుకని మీ పత్రిక ద్వారా అధికారులకి ఒక విన్నపం. ఐటీఐల్లో ఫిట్టర్ ట్రేడ్ పిల్లల చేత మొదటి నెలల్లో ఇనప ముక్కని ఆకురాయితో చదరంగా రుద్దిస్తారు. నేనూ రుద్దాను, చేతులు బొబ్బలెక్కాయి. పరీక్ష అయ్యాక ఆ ముక్క స్క్రాపులోకి పోతుంది. అదే కష్టం ఒక చిత్రిక డొల్ల మీద పెట్టిస్తే ఏం పోతుంది? డొల్ల ఫిట్టర్ పిల్లలు చేస్తారు, లోపలి చెక్క కార్పెంటర్ ట్రేడ్ పిల్లలు బిగిస్తారు, బ్లేడు కాల్చి ముంచడం వెల్డర్ ట్రేడ్ పిల్లలు చూసుకుంటారు. కోర్సు అయ్యేసరికి ఒక్కో బ్యాచికీ చేతిలో పనికొచ్చే వస్తువు ఉంటుంది, అమ్మినా కొనేవాళ్లున్నారు. నేర్పడానికి ఎవరూ లేకపోతే నేను వస్తాను, జీతం అక్కర్లేదు, బస్సు చార్జీ నాదే.

పాఠకులకి కూడా ఒక మాట. దసరాకి పసుపు, కుంకుమ పెట్టిన పనిముట్టుని సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు పాత సామాన్ల వాడికి తూకానికి వేసేస్తున్నారు. వెయ్యకండి. మీ తాతగారి చిత్రిక ఉంటే ఒకసారి తిప్పి అడుగు చూడండి. మూతి ముందు వేరే రంగు చెక్క అతికించి ఉంటే ఆయన తన పని ఎంత పట్టింపుగా చేసుకున్నాడో అక్కడ రాసి ఉన్నట్టే. బ్లేడు పొట్టిగా అరిగిపోయి ఉంటే, ఎన్ని వందలసార్లు నూరాడో లెక్క కట్టొచ్చు. తుప్పు పట్టిందని పారెయ్యాల్సిన పని లేదు, పాత బ్లేళ్లలో ఇనుము మంచిదే, తుప్పు తీసి నూరితే ఈ రోజుకీ కోస్తుంది. చెదలు పట్టకపోతే చాలు.

సంపాదకులు గారూ, మీ విలేకరిని ఈసారి తాళ్లరేవు వైపు పంపండి. అక్కడ చెక్క పడవలు కట్టేవాళ్లు ఇంకా కొందరున్నారు, ఫైబర్ పడవలు వచ్చాక పని తగ్గింది. పడవ పలకల అంచులు ఒకదానికొకటి నీళ్లు దూరకుండా కూర్చోవాలంటే చిత్రిక ఎలా పట్టాలో వాళ్ల దగ్గరే చూడాలి, వంపు తిరిగిన పలకకి చదును అడుగున్న చిత్రిక పనికిరాదు, దానికి వాళ్లు సొంతంగా చేసుకున్న వంపు చిత్రికలు వేరే ఉంటాయి. వాటిని ఫొటో తియ్యండి, అడుగు తిప్పి తియ్యండి, మూతి కనపడేలా తియ్యండి. వెళ్లే రోజు చెప్తే నేనూ వస్తాను, నా చిత్రిక తెస్తాను. అది వాళ్ల చెక్క మీద ఎలా పడుతుందో వాళ్ల చేత్తోనే పట్టించి చూడాలని నాకెప్పటి నుంచో ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైర్డ్ ఫిట్టర్,
రాజోలు ప్రాంతం, కోనసీమ జిల్లా